తట్టి చూడని మూడో చెట్టు

మేస్త్రి ఎడమ అరచెయ్యి మానుకు ఆనించి, తిరగేసిన గొడ్డలితో తట్టాడు. మోకాలి ఎత్తులో ఒకసారి, రొమ్ము ఎత్తులో ఒకసారి, నిచ్చెన ఎక్కి పైన మరోసారి. మాను గట్టిదైతే చప్పుడు టక్కున తెగిపోతుంది. లోపల తొర్ర ఉంటే సాగుతుంది. ఈ పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. వయసులో ఉండగా ఒక డొల్ల మాను ముందుగానే విరిగి మీద పడి మూడు పక్కటెముకలు పోయాయి. అప్పటినుంచి ఇరవయ్యారేళ్లుగా, తట్టి వినకుండా ఏ చెట్టుకూ రంపం పెట్టలేదు. అందుకే ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అంటారు.

ఈసారి పని గోదాం కట్టబోయే స్థలంలో నాలుగు నిద్రగన్నేరు చెట్లు. కోసేది ఆయన, కింద తాడు పట్టేది భార్య. కొట్టడానికి అనుమతి కావలసిన చెట్ల జాబితాలో నిద్రగన్నేరు లేదని సూపర్‌వైజరు కాగితం చూపించాడు. మేస్త్రికి అది చాలు. దారినపోయేవాళ్లు ఎవరైనా ఆగి తిట్టినా, “జాబితాలో లేదండీ, తప్పు లేదు” అని తన పని తాను చేసుకుపోయేవాడు.

రెండు రోజుల్లో రెండు చెట్లు దిగాయి. మూడో రోజు పొద్దున్న ఆయన గొడ్డలి తిరగేయగానే సూపర్‌వైజరు నవ్వాడు.

“ఏం మేస్త్రీ, తలుపు తట్టి అత్తగారు ఇంట్లో ఉన్నారా అని అడుగుతున్నావా? సాయంత్రానికి స్థలం అప్పజెప్పాలి.”

“తట్టనివ్వండి సార్,” అంది భార్య. “మా పుట్టింట్లో అయితే తలుపు తీసున్నా లోపలికి రాడు, అరుగు మీదే కూర్చుంటాడు.”

మేస్త్రి కూడా నవ్వాడు. నవ్వుతూనే కాస్త సిగ్గుపడి, గొడ్డలి కింద పెట్టేసి మోటారు రంపంతో ఎక్కాడు.

రంపం సగం దిగాక పొట్టు రంగు మారింది. దాంతోపాటు నూగు ఎగిరింది. ముఖం మీద తడిగా ఏదో చిందింది. చెయ్యి తెగిందనుకుని వేళ్లు చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి. రంపం ఆపి, కోతలోకి తొంగి చూశాడు. ఇంకా ఈకలు రాని గోరింక పిల్లలు. వాటిలో ఒకటి సగమే ఉంది. మిగతా రెండూ కదలడం లేదు.

“ఏమయ్యా, ఏమైంది?” కిందనుంచి భార్య అరిచింది.

ఆయన కాళ్లు కొమ్మకు అతుక్కుపోయాయి. చివరికి భార్యే నిచ్చెనెక్కి, ఒక్కో పాదం పట్టుకుని మెట్టు మీద పెడుతూ దింపింది.

“తెలీక జరిగిందయ్యా.”

“తట్టుంటే తెలిసేదే.”

సూపర్‌వైజరు ముఖం కూడా పాలిపోయింది. అయినా వాచీ చూసుకుని, “పక్షులే కదా మేస్త్రీ. ఆ నాలుగోది కానిచ్చెయ్,” అన్నాడు.

మేస్త్రి నాలుగో చెట్టెక్కి తట్టాడు. చప్పుడు సాగింది. దాని వెనకే లోపలినుంచి సన్నగా కిచకిచ. కింద ఉన్న ఇద్దరికీ వినబడింది.

ఆయన దిగి, కాగితం మీదున్న, అనుమతులిచ్చే ఆఫీసు నంబరుకు ఫోన్ చేశాడు.

“సార్, నిద్రగన్నేరు కొట్టొచ్చా?”

“కొట్టుకో. అనుమతి అక్కర్లేదు,” అన్నాడు గుమాస్తా.

“లోపల పక్షి పిల్లలున్నాయి సార్.”

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. “ఫారంలో చెట్టు పేరు, చుట్టుకొలత అడుగుతాం. లోపల ఏముందో రాసే గడి లేదయ్యా.”

ఫోన్ పెట్టేశాక మేస్త్రి ఆ కాగితాన్ని మరోసారి చూశాడు. జాబితాలో లేదంటే ఎవరో పెద్దలు వచ్చి, చూసి, నష్టం లేదని తేల్చారనుకున్నాడు ఇన్నేళ్లూ. ఎవరూ చూడలేదన్నమాట. చూసేవాడు ఎవడైనా ఉంటే, అది గొడ్డలి పట్టుకున్నవాడే.

“నీవల్ల కాకపోతే చెప్పు,” అన్నాడు సూపర్‌వైజరు. “నాలుగింటికి పొక్లెయిన్ వస్తుంది. ఒక్క తోపు తోస్తే పోతుంది.”

“నాలుగింటికి మీకు చెట్టు ఉండకూడదు, అంతేగా? ఎలా దింపాలో నాకొదిలేయండి.”

వేలెడంత దూరానికొకసారి తట్టుకుంటూ పోయి, తొర్ర మొదలైనచోటా ముగిసినచోటా సుద్దతో గీశాడు. పక్షులు వచ్చిపోయే రంధ్రంలో గుడ్డ కుక్కాడు. పై గీతకు జానెడు పైన కోశాడు. కింది గీతకు జానెడు కింద, మోటారు రంపం పక్కన పెట్టి, అదురు తగలకుండా చేతిరంపంతో గంటసేపు కోశాడు. భార్య తాడును రెండో చెట్టు మొదలుకు మూడు చుట్లు తిప్పి, కొంచెం కొంచెంగా వదిలింది.

“మెల్లగా!”

“నాకు చెప్పకు. తాడు నా చేతిలో ఉంది.”

పక్క పెరట్లో ఇస్త్రీ దుకాణం ఆవిడకు ఒక చెట్టుంది. దానికి తొర్ర దుంగ కట్టుకోవడానికి ఆమె ఒప్పుకుంది. ఆ దుంగను అదే ఎత్తున, రంధ్రం అదే దిక్కుకు పెట్టి కట్టేశారు. గుడ్డ తీశాక తల్లి గోరింక గోడ మీద వాలింది, మళ్లీ ఎగిరిపోయింది. వస్తుందో రాదో మేస్త్రికి తెలియదు. నిలబడి చూడడానికి టైము లేదు.

సగంలో ఆగిన మూడో చెట్టూ, నాలుగోదాని మిగిలిన మానూ కోసి, దుంగలు గేటు పక్కన పేర్చి, పొట్టు ఊడ్చేసరికి నాలుగుకు పది నిమిషాలుంది. సూపర్‌వైజరు నాలుగు మొదళ్లూ తిరిగి చూసి, పని పూర్తయినట్టు సంతకం పెట్టాడు. పనికోసం తనకిచ్చిన గేటు తాళంచెవి మేస్త్రి ఆయన చేతిలో పెట్టాడు.