దొరబాబు కట్టిన తాడు

నడిసముద్రంలో మనిషి కనబడితే ఒడ్డుకు తేకుండా తిరిగొచ్చిన జాలరి విశాఖ ఫిషింగ్ హార్బర్లో తలెత్తుకు తిరగలేడు. శవమైనా సరే, తేవలసిందే. ఎవరో రాసిపెట్టిన చట్టం కాదది. అయినా పెదజాలరిపేటలో దాన్ని మీరిన మొగాడు లేడు. బోటు నడిపే సరంగు దొరబాబు నోటిదురుసు మనిషే, కోపమొస్తే పెద్దా చిన్నా చూడడు. ఈ ఒక్క విషయంలో మాత్రం మహా నిష్ఠ.

కార్తీకం వెళ్లాక ఒక మధ్యాహ్నం వల లాగుతుంటే, ఇంజిను చచ్చిన చెక్కపడవ ఒకటి కొట్టుకొస్తూ కనిపించింది. దగ్గరికి వెళ్తే, ఓరి దేవుడా, పడవ నిండా మనుషులే! పెదాలు పగిలి, కళ్లు లోపలికి పోయి, లేచి నిలబడే ఓపిక కూడా లేనివాళ్లు. బర్మా నుంచి తరిమేస్తే బంగ్లాదేశ్ శిబిరాల్లో తలదాచుకుని, అక్కడా బతకలేక బయల్దేరిన రోహింగ్యాలు. ఆ సంగతి దొరబాబుకి తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసింది వాళ్ల దాహమొక్కటే. బోటులో ఉన్న మంచినీళ్లన్నీ పోయించాడు.

వాళ్లలో సెనోవారా అనే ఆవిడకు కాస్త హిందీ వచ్చు. ఒళ్లో చిన్న కూతురు. "డీజిల్ ఇవ్వండి, ఇంజిను బాగుచెయ్యండి, అంతే చాలు. ఇండియా వద్దు. ఇండోనేషియా పోతాం" అని తూర్పుకేసి చెయ్యి చూపించింది.

"అడిగినవి ఇచ్చీసి పంపీద్దాం బావా. ఇంజిను నాను సూత్తాను, పెద్ద పనేటీ కాదు" అన్నాడు బావమరిది కృష్ణంరాజు.

"నీకు మతుందేటి? సంకలో పసిగుంట ఉంది. ఎండకి బుర్ర తిరిగి ఆయమ్మ ఏటో వాగతంది. మనుసుల్ని సముద్రంలో ఒగ్గీసొచ్చినాడని నాకు పేరొచ్చీదా? తాడు కట్టు!"

తాడు కట్టారు. సెనోవారా పాక్కుంటూ వచ్చి ముడి విప్పబోయింది. దొరబాబు ఆమె మీద కేకలేసి, తానే దిగి ముడి బిగించాడు. దారి పొడుగునా ఆమె ఏడుస్తూనే ఉంది. బతికి బయటపడ్డామన్న ఆనందమనుకున్నాడు పిచ్చి మారాజు.

హార్బర్లో ఆ వేళ తిరనాళ్లే. దొరబాబు భార్య గంగాలమ్మ గంజి కాచి తెచ్చింది. చేపలమ్మే ఆడవాళ్లు తమ చీరలు తెచ్చి కప్పారు. అందరూ దొరబాబు భుజం తడుతుంటే అతని ఛాతీ ఇంతై ఉబ్బింది. ఇంతలో పోలీసులొచ్చారు. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. పెద్దవాళ్లు జైలుకి, పిల్లలు హోముకి అన్నారు. తల్లి చంకలోంచి పిల్లను లాగుతుంటే దొరబాబు అడ్డం పడ్డాడు.

"ఇదేటండీ బాబూ, ఈల్లేమైనా దొంగలా?"

వినేవాడెవడు? ఆ పిల్ల అరుపులు జీపు వెళ్లిపోయాక కూడా అతని చెవుల్లో మోగాయి.

తిండి సయించలేదు. వేట మానేసి, వాళ్ల కేసు ఫీజు తీసుకోకుండా వాదిస్తున్న లాయరు సూర్యకళ దగ్గరికి పరిగెత్తాడు.

"మన దేశంలో శరణార్థుల కోసమంటూ చట్టం లేదండీ" అందావిడ. "కాగితాల్లేకుండా వస్తే చొరబాటుదారుడి కిందే లెక్క. ఐక్యరాజ్యసమితి ఇచ్చిన శరణార్థి కార్డున్నవాళ్లనీ పట్టుకెళ్లి లోపలేసిన సందర్భాలున్నాయి. ఈ కబురు శిబిరాల్లో అందరికీ తెలుసు. ఇండోనేషియాలో దిగితే ఏ షెడ్డులోనో ఉంచుతారు, ఇంత తిండి పెడతారు, పిల్లల్ని మాత్రం విడదియ్యరని వాళ్ల ఆశ. అందుకే మన ఒడ్డు వద్దనుకుని అంత సముద్రానికి తెగించారు."

"అయితే ఆల్ల కొంపలు నానే ముంచీసినానా అమ్మా?" అన్నాడు దొరబాబు. ఆవిడ వాయిదా తేదీ ఓ కాగితమ్మీద రాసి అతని చేతికిచ్చింది.

వాయిదా రోజున కోర్టు వరండాలో సెనోవారా కనిపించింది. సగమైపోయింది మనిషి. దొరబాబు తనకొచ్చిన ముక్కల హిందీలో, గంగాలమ్మ హోముకెళ్లి పాపను చూసొచ్చిందని, పాప అన్నం తింటోందని చెప్పాడు. తప్పైపోయిందమ్మా అని బావురుమన్నాడు.

"శిక్ష అయ్యాక మమ్మల్ని బర్మాకే పంపేస్తారట" అందామె నెమ్మదిగా. "నీది మంచి మనసు భాయ్. అదే నా భయం. రేపు ఇంకో పడవ కనిపిస్తే మళ్లీ ఇదే చేస్తావు. వాళ్లు పొమ్మంటే వదిలేసి వెళ్లిపో. నా పిల్ల మీద ఒట్టెయ్యి."

చెయ్యి చాపింది. కానిస్టేబుల్ తొందరపెడుతున్నాడు. ఇంటావంటా లేని ఆ ఒట్టు దొరబాబు ఏడుస్తూనే వేశాడు.