ఇంజిన్ మీద బొట్లు

నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. కానీ ఆ దసరాకు చెడగొట్టింది నా నోరు కాదు, నా చెయ్యి.

మా అన్నకు బోధన్‌లో, మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ గేటుకు కొంచెం అవతల, రేకుల షెడ్డు ఉండేది. పాత అంబాసిడర్లు, జీపులు బాగుచేసేవాడు. చెవితో టైమింగ్ పెడతాడని ఆయనకు పేరు. ఇంజిన్ నడుస్తుండగా డిస్ట్రిబ్యూటర్‌ను వేళ్ళతో కొద్దికొద్దిగా తిప్పుతూ, తల ఒక పక్కకు వంచి వినేవాడు. నాలుగు ప్లగ్గులకూ వంతులవారీగా నిప్పురవ్వ పంచేది ఆ డబ్బానే. రవ్వ ముందు పడితే ఇంజిన్ టకటకా కొట్టుకుంటుంది. వెనక పడితే బండి ఈడ్చుకుంటూ పోతుంది. రెండింటి నడుమ వెంట్రుకవాసి చోటు ఒకటి ఉంటుంది. అన్న అక్కడ ఆగి, "గిదీ" అని బోల్టు బిగించేవాడు. వర్ని నుంచి, మోస్రా నుంచి బండ్లు ఆ "గిదీ" కోసమే వచ్చేవి.

ఆ బండ్లన్నీ ఒక్కొక్కటే తుక్కుకు పోయాయి. కొత్త కార్లలో చేత్తో తిప్పడానికి ఏమీ లేదు. ఏడాదిగా షెడ్డులో చెప్పుకోదగ్గ పని లేదని నాకు తెలుసు. నేను నిజామాబాద్‌లో ఆఫీసు ఉద్యోగం చేసుకుంటూ ఉంటాను. నెల రోజులుగా ఎన్నిసార్లు ఫోన్ చేసినా అన్న ఎత్తలేదు. అలిగాడనుకుని నేనూ బిగుసుకున్నాను. దసరా ముందు రోజు బస్సు దిగి, షెడ్డు ముందు నిలబడి మూడుసార్లు పిలిచాను. వీపు తిప్పుకొని పని చేసుకుంటూనే ఉన్నాడు. ఒళ్ళు మండింది.

"చెవిటోని ముందట శంఖం ఊదినట్టే ఉన్నది నీతోని" అంటూ పోయి భుజం మీద ఒక్కటిచ్చాను.

ఉలిక్కిపడి తిరిగి, నవ్వాడు. "ఎప్పుడొచ్చినవే?" అన్నాడు. ఆ సామెత తలుచుకుంటే ఇప్పటికీ నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

షెడ్డులో తెల్లటి అంబాసిడర్ ఒకటి బానెట్ ఎత్తి ఉంది. వర్నిలో వరి పండించే ఒక పెద్దమనిషిది. కొడుకు పెళ్ళి బరాత్ ఊరేగింపు అందులోనే తీయాలని ఆయన పట్టు. లోపలి కడ్డీ అరిగి డిస్ట్రిబ్యూటర్ ఊగుతుంటే అన్న దాన్ని అప్పటికే ఊడదీశాడు. దాని చోట హైదరాబాద్ నుంచి పార్సిల్‌లో వచ్చేది బిగించాలి. ఉన్నది ఐదు రోజులు.

"బరాత్‌ల నడిస్తె నలుగురు సూస్తరు చెల్లె. ఎవ్వడు సేసిండు అని అడుగుతరు. మల్ల రెండు బండ్లన్న రావా?" అన్నాడు. "లేకుంటె ఇగ షెడ్డుకు తాళమే."

మర్నాడు దసరా. అన్న స్నానానికి ఇంటికి పోతే నేను షెడ్డు ఊడ్చాను. పండుగపూట ఇంజిన్ మసి కొట్టుకొని ఉంటే బాగుంటుందా? తడిగుడ్డ పెట్టి శుభ్రంగా తుడిచాను. పసుపు తడిపి ఐదు చోట్ల పెట్టి, మధ్యలో కుంకుమ అద్దాను. పానాలకు పెట్టాను, జాకీకి పెట్టాను. బానెట్ మూసి బంతిపూల దండ వేశాను. అన్న వచ్చి కొబ్బరికాయ కొట్టాడు. నా పనికి నేనే మురిసిపోయాను.

ఆ తర్వాతి రోజు పార్సిల్ వచ్చింది. అన్న బానెట్ ఎత్తి, వంగి చూశాడు.

"గీ బొట్లు ఎవలు పెట్టిండ్రు?"

"నేనే. పండుగ గాదా?"

"అంతకుముందే ఒకటుండె."

"పసుపు మరకనా? తుడిసిన. ఏమైంది?"

పాతది ఊడదీసే ముందు, అది ఏ మేరకు తిరిగి ఉందో గుర్తుగా ఆయనే పసుపుతో ఒక చుక్క పెట్టుకున్నాడట. మసి మీద సుద్ద నిలవదు, పసుపు కనబడుతుందని. ఎన్నో ఏళ్ళ కింద తానే చెవితో వెతికి పట్టిన చోటు అది. టైమింగ్ చూసుకోవడానికి పుల్లీ మీద ఉండాల్సిన గీత ఎప్పుడో అరిగిపోయింది. ఆ ఒక్క చుక్కే ఆధారం. ఇప్పుడు దాని చుట్టుపక్కల నేను పెట్టిన ఐదు బొట్లున్నాయి, అది మాత్రం లేదు.

నాకు తప్పు చేశానని తెలిసింది. తెలిస్తే నోరు మూసుకునే జాతి కాదు నేను. "గంత మాత్రానికే మొఖం గట్ల పెడ్తవేంది? నీకు గుర్తెందుకు? చెవితోని పెట్టుకుంటవు గదా" అన్నాను.

అన్న నా పెదవుల వైపు చూస్తూ విన్నాడు. తర్వాత స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇంజిన్ చప్పుడు నాకు ఇనబడ్తలేదు చెల్లె."

"ఎప్పటిసంది?"

"ఎండకాలం సంది. మాట దగ్గరుంటె అందుతది. సన్న చప్పుళ్ళు పొయినయి. డాక్టర్ ఇగ రాదన్నడు." నా చెయ్యి పట్టుకొని, "ఎవ్వలికి సెప్పకు. తెలిస్తె ఒక్క బండి రాదు" అన్నాడు.

ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే ఆయన ముందు ఇంకా చిన్నదాన్నవుతానని పళ్ళు బిగపట్టాను.

మొదటి ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం మీద ఆయన బొటనవేలు పెట్టాడు. నేను ముందు నుంచి హ్యాండిల్ తిప్పాను. గాలి తన్నే చోటు పట్టుకొని కొత్తది దింపాడు. వైర్ల వరుస ఆయనకు నోటికి వచ్చు: ఒకటి, మూడు, నాలుగు, రెండు. బండి లేచింది. కానీ అది లేవడం మాత్రమే, చక్కగా నడవడం కాదు.

"నేను తిప్పుత. నున్నగైనప్పుడు చెయ్యెత్తు" అన్నాడు.

తిప్పాడు. నా ఖర్మ, నాకు అన్నీ ఒకలాగే వినిపించాయి. ఆయన కళ్ళు నా చెయ్యి మీదే ఉన్నాయి. ఆయన పక్కనే పెరిగి, ఒక్కనాడైనా చెవి పెట్టి వినలేదు నేను. చివరికి ఎక్కడో ఒకచోట చెయ్యెత్తాను. ఆయన "గిదీ" అనలేదు. బోల్టు బిగించాడు.

సాయంత్రం వర్ని ఆయన వచ్చాడు. ఆయన నడిపాడు, అన్న ముందు, నేను వెనక. చదును రోడ్డు మీద బాగానే పోయింది. కాలువ వంతెన ఎక్కేటప్పుడు మొదలైంది, డబ్బాలో చింతగింజలు పోసి ఊపినట్టు చప్పుడు. ఆయన అద్దంలో నా వైపు చూశాడు. అన్న డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. మెల్లగా వెనక్కి తిరిగాడు.

"ఎట్లున్నదే?"

"మస్తుగున్నది అన్న."

కొంచెంసేపు నా ముఖం చూశాడు.

"ఆపు పటేలా" అన్నాడు. బండి ఆగింది. "కొట్టుకుంటున్నది. నాతోని గాదు. రేపు నిజామాబాద్ తోల్కపో, పెళ్ళికింక మూడొద్దులున్నది."

"ఇంకొకసారి సూడరాదే అన్న" అని నేను బతిమాలాను.

"తప్పు చేతికి తెలుస్తున్నది చెల్లె. ఒప్పు తెలుస్తలేదు."

వర్ని ఆయన మంచివాడు, ఒక్క మాట అనలేదు. మమ్మల్ని షెడ్డు దగ్గర దింపి పోయాడు. బరాత్‌లో బండి బాగా నడిచిందని విన్నాను. ఎవరు చేశారో అన్న అడగలేదు, నేనూ అడగలేదు.

మరుసటి దసరాకు మళ్ళీ పోయాను. షెడ్డు ఖాళీ. గోడవారన పానాల పెట్టె ఒక్కటే ఉంది. అలవాటు కొద్దీ పసుపు తడిపాను, కానీ వేలు ముందుకు పోలేదు. గిన్నె పట్టుకొని అలాగే నిలబడ్డాను.

వెనక నుంచి అన్న వచ్చి పెట్టె మూత తెరిచి పెట్టాడు.

"పెట్టు చెల్లె" అన్నాడు. "గీసారి ఎన్ని పెట్టినా ఏం గాదు."