యిర్మియా ముందే చెప్పేసిన స్తోత్రం

అండమాన్ దీవుల్లోని మా డాలీగంజ్‌లో నాకంటే ధైర్యవంతుడు పుట్టలేదు. ఏడో తరగతిలో లెక్కల మాస్టారినీ బడినీ ఒకే పూట వదిలేసి వచ్చినవాణ్ణి. ఒకసారి జెట్టీ కింద మొసలి ఎదురైతే హిందీలో నాలుగు చీవాట్లు పెట్టాను. అది తలొంచుకుని వెనక్కి పోయింది. నమ్మనివాళ్లు మొసలినే అడగండి. పక్కింటి జ్ఞానవతి దీదీ తమ్ముడు యిర్మియా అలాంటివాడు కాదు. ఇంకొంచెం పంచదార వేయమని టీ కొట్టువాణ్ణి అడగలేక చప్పటి టీ తాగే మనిషి.

కాకినాడలో వడ్రంగం నేర్చుకుని, అక్క రమ్మంటే ఓడెక్కి వచ్చాడు. అవి జనం వచ్చి స్థిరపడుతున్న రోజులు. పోర్ట్ బ్లెయిర్‌లో ఎటు తిరిగినా చెక్క కోసే చప్పుడే. అయినా ఇక్కడ పని ఉందని ఎవరూ గోడమీద రాసిపెట్టరు. ఈ మేస్త్రీ ఆ పడవ సరంగుకి చెబుతాడు, ఆ సరంగు తన బావమరిదికి చెబుతాడు. నోరు తెరవనివాడి ముందు నుంచే పని నడిచి వెళ్లిపోతుంది.

యిర్మియా బావ తెగేసి చెప్పాడు: "వైజాగ్ ఓడ మళ్లీ వచ్చేలోగా పని చూసుకో. లేకపోతే అదే ఓడలో వెళ్లిపో." ఊళ్లో భార్య పుష్పవతికి నెలలు నిండుతున్నాయి. ఉత్త చేతులతో తిరిగొస్తే పిల్లని మళ్లీ పంపనని మామగారు ముందే అనేశారు.

సరే, నేనే పూనుకున్నాను. బతు బస్తీలో టింబరు షెడ్డు మేస్త్రీ గురునాథం గారి దగ్గరికి తీసుకెళ్లాను.

"వెళ్లి పని కావాలని చెప్పు" అన్నాను. "మనిషే కదా భయ్యా, తినెయ్యడు."

"మీరే చెప్పండి భయ్యా, నేను పక్కన నిలబడతాను."

"పెళ్లిచూపుల్లో కూడా ఇలాగే అన్నావా?"

గురునాథం గారు ఇటు తిరిగేసరికి నా పక్కన మనిషి లేడు. కొబ్బరికాయల కుప్ప వెనక కూర్చుని, బాగానే ఉన్న చెప్పుని బాగుచేసుకుంటున్నాడు. "నవ్వకండి భయ్యా. ఆయన చూస్తే గొంతులో ఎవరో గడియ పెట్టేసినట్టుంటుంది" అన్నాడు. నవ్వాను. కానీ అతని చొక్కా వీపంతా తడిసి అంటుకుపోయి ఉంది. అది చూశాక నవ్వు సగంలోనే ఆగింది.

జ్ఞానవతి దీదీ వేరే దారి ఆలోచించింది. మా తెలుగు చర్చిలో ఆదివారం ప్రసంగానికి ముందు ఎవరైనా లేచి ప్రార్థన మనవి చెప్పుకోవచ్చు, సాక్ష్యమూ చెప్పొచ్చు. గురునాథం గారు ఉంటారు, హార్బరు వాళ్లుంటారు, వర్క్‌షాపు వాళ్లుంటారు. ఒక్కసారి లేస్తే అందరినీ అడిగినట్టే. వారమంతా తమ్ముడి చేత వల్లె వేయించింది: "నాకు పని దొరికేలా ప్రార్థించండి."

ఆదివారం లేచాడు. ముందు బెంచీ పట్టుకున్నాడు. అది ఎంత వణికిందంటే, దానిమీద కూర్చున్న ప్రేమావతమ్మ గారు భూకంపమనుకుని బైబిలు ఒళ్లో దాచుకున్నారు. అన్ని కళ్లూ ఒక్కసారి మీద పడేసరికి నేర్చుకున్న మాట ఎగిరిపోయింది. చిన్నప్పటి నుంచి వింటున్న సాక్ష్యం మాటే నోటికొచ్చింది.

"నాకు మంచి పని దయచేసిన దేవునికి స్తోత్రం."

"ఆమెన్!" అంది చర్చి మొత్తం.

దిద్దుకోబోయాడు. అప్పటికే పాట ఎత్తుకున్నారు. ఆరాధన అయ్యాక చేతులు కలపడానికి వరస కట్టారు. గురునాథం గారు భుజం తట్టారు. "మంచిదయింది బాబూ. మీ అక్క చెప్పిందని మా షెడ్డులో నీకో ఖాళీ అట్టేపెట్టాను. నీకు దొరికిందిగా, ఇక ఎప్పట్నుంచో అడుగుతున్న కన్నారావుకి ఇచ్చేస్తాను."

యిర్మియా అక్క వెనక్కి జరిగాడు. నేను చెప్పబోతే దీదీ నా చెయ్యి గిల్లింది. అంతమందిలో తమ్ముణ్ణి అబద్ధికుణ్ణి చేయడానికి ఆవిడకు మనసు రాలేదు. పని వచ్చినవాళ్లు ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టి అందరికీ టీ ఇవ్వడం మా ఆనవాయితీ. పాస్టరు గారు అక్కడికక్కడే గురువారం సాయంత్రానికి ఖాయం చేసేశారు. శనివారం ఓడ.

ఆ తర్వాత ఎవరు గేటు తీసినా యిర్మియా వంటింట్లోకి దూరేవాడు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు.

"దేవుడి ముందు అబద్ధమాడాను అక్కా."

"నోరు జారిందిరా. ఆయనకి తెలీదా?"

"ఆయనకి తెలుసు. గురునాథం గారికి తెలీదుగా!"

"చెప్పేయ్ భయ్యా" అన్నాను నేను. "గురువారం అందరూ నీ దగ్గరికే నడిచి వస్తున్నారు."

"నవ్వుతారు."

"నవ్వుతారు. అందరికంటే ముందు నేనే నవ్వుతాను. తర్వాత?"

యిర్మియా లేచి మళ్లీ వంటింట్లోకి దూరాడు.

గురువారం ఇల్లు నిండిపోయింది. పక్క వీధి చేపలవాళ్లు నూకయ్య, దేముడమ్మ, వాళ్లతో ఒక ముసలి పడవాయన కూడా టీకి వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. ప్రార్థన అయ్యాక పాస్టరు గారు, "ఏం పని బాబూ, ఎక్కడ?" అని అడిగారు.

యిర్మియా లేచాడు. పడిపోతే పట్టుకుందామని నేను అతని వెనక్కి జరిగాను.

"దొరకలేదండి." గొంతు కీచుమంది. "అడుగుదామనే లేచాను. భయంలో స్తోత్రం చెప్పేశాను. క్షమించండి. నాకు వడ్రంగం వచ్చు. పడవ చెక్కలు బిగించడం వచ్చు. ఎవరికైనా మనిషి కావాలంటే... నేనున్నానండి."

ఒక్కరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆ కాస్తసేపూ యిర్మియా గోడకు ఆనుకోకుండా ఎలా నిలబడ్డాడో నాకిప్పటికీ తెలీదు.

"ఓరి నీ జిమ్మడ!" అన్నాడు నూకయ్య గుమ్మంలోంచి. "నా డుంగీ పడవ అడుగుసెక్క ఊడిపోయి ఒడ్డుమీద పడున్నాది. వడ్రంగోడి కోసం ఊరంతా గూమ్‌తన్నాను. నువ్వు ఈ గోడెనకే ఉన్నావేటి?"

"ఆడు మాటాడితే కదేటి తెలిసీది!" అంది దేముడమ్మ. "కల్ సుబే ఆజా బాబూ, రేపు పొద్దున్నే మిన్నీ బే ఒడ్డుకి."

అప్పుడు నవ్వారందరూ. గురునాథం గారు మాత్రం నవ్వలేదు. "కన్నారావుకి మాటిచ్చేశాను, వెనక్కి తీసుకోలేను. ఒక్క పడవతో సంసారం నడవదు బాబూ. కానీ ఒడ్డున పనిచేస్తే పడవలవాళ్లందరూ చూస్తారు. అడగడం మాత్రం నువ్వే అడగాలి" అన్నారు.

బావ గొంతు సవరించుకున్నాడు. "ఈ ఓడకి వద్దులే. పై ఓడకి చూద్దాం."

దీదీ కళ్లు తుడుచుకుని, "పుష్పవతికి రాసెయ్యనా?" అంది.

"ఇప్పుడే వద్దక్కా. ఇంకా ఒక్క పడవే."

అని కూర్చుంటాడనుకున్నాను. కూర్చోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, నూకయ్యతో వచ్చిన ముసలాయన దగ్గరికి వెళ్లాడు. అంతకుముందు ఆయన్ని ఎప్పుడూ చూసి ఉండడు.

"తాతా, మీ పడవ ఎలా ఉందండి?"