లిబాన్ చొక్కా జేబు

మలేషియాలోని క్లాంగ్ రైల్వే స్టేషన్ వెనక వీధిలో దేవకి దోబీ కొట్టు ముప్పై ఏళ్లుగా నడుస్తోంది. దోబీ అంటే అక్కడ బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసిచ్చే కొట్టు. ఆ వీధిలో దేవకి అనుమానం సంగతి తెలియనివాళ్లు లేరు. పాలడబ్బా మీద తేదీ రెండుసార్లు చదువుతుంది. ఎవరైనా ఊరికే క్యాలెండర్ ఇస్తే, తిరగేసి చూసి, "ఎందుకిస్తున్నట్టో!" అని సగంరోజు ఆలోచిస్తుంది. మొగుడు దొరసామి గుడికెళ్లి వచ్చానంటే, నుదుట విభూతి కనబడితేగానీ కంచం పెట్టదు. ఏం మనిషో మరి!

అంతటి మనిషీ ఒక్కచోట మాత్రం అనుమానాన్ని గడప అవతలే ఆపేది. ఉతికే ముందు జేబులు తడమడం ఆమె పని. చీటీ, మందుబిళ్ల, ప్రేమలేఖ, ఏది దొరికినా సరే, విప్పి చూడకుండా బిస్కెట్ల రేకుడబ్బాలో వేసి, ఎవరిదో పేరు రాసి పెట్టేది. "జేబులోది ఆళ్ల కడుపులో మాట. మనకేటి పని?" అనేది. కొట్టు పరువంతా ఆ డబ్బాలోనే ఉందని ఆమె నమ్మకం.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. ఎవరైనా ఆమెను తమిళావిడ అన్నారో, అయిపోయారే! బ్యాంకు గుమాస్తా అయినా సరే, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, ఆ దేశపు అలవాటుగా మాట చివర 'లా' తగిలించి మరీ అందుకునేది. "మాం తెలుగోళ్లం లా! మా తాత విశాపట్నంలో ఓడెక్కి వచ్చినాడు. మా బాస ఏరు, మా పండగలేరు. నల్లగా ఉన్నోళ్లందర్నీ ఒకే గంపలో ఎయ్యకు!" ఈ మాట ఆమె ఎన్ని వందలసార్లు అనుంటుందో ఆ వీధికే తెలియాలి.

కొట్టు పైన గదిలో లిబాన్ అద్దెకుంటున్నాడు. సోమాలీ కుర్రవాడు, ఊరు హర్గీసా. ఓడరేవుల మీద ఏదో పెద్ద చదువు చదువుతున్నాడు. భార్య హోదన్ ఊళ్లోనే ఉంది. కూతురికి పది నెలలు. ఆ పిల్లను అతను ఫోనులో చూడటమే తప్ప ఒక్కసారీ ఎత్తుకోలేదు. ఎట్టకేలకు తల్లీబిడ్డలకు వీసాలొచ్చాయి. ఫిబ్రవరి రెండోవారంలో ప్రయాణం. లిబాన్ గదికి లేతాకుపచ్చ రంగు వేసుకున్నాడు. దేవకి తన పిల్లలు ఊగిన ఊయల స్ప్రింగును అటక మీదనుంచి దింపి, నూనె రాసి, తనే దగ్గరుండి దూలానికి కట్టించింది. దానికి లుంగీలాంటి కొత్త సారంగు గుడ్డ కూడా వేసింది. "పిల్ల వచ్చినాక నాకూ ఊపనియ్యాలి" అని ముందే మాట తీసుకుంది.

అంతా బాగుందనుకునేసరికి డిసెంబరు చివర్లో ఆ వార్త వచ్చింది. హర్గీసా రాజధానిగా, సోమాలియానుంచి విడిపోయామని ముప్పై నాలుగేళ్లుగా చెప్పుకుంటున్న సోమాలీల్యాండ్‌ను ఇజ్రాయెల్ దేశంగా గుర్తించిందట. టీవీలో వాళ్లూ వీళ్లూ ఖండిస్తున్నారు. దేవకి ఛానల్ మార్చేసింది. ఎక్కడి సంతో ఎవరికి తెలుసు!

కానీ ఆ వారంనుంచే మెట్ల దగ్గర చెప్పులు పెరిగాయి. ఆరేడుగురు కుర్రవాళ్లు పైకి వెళ్లేవారు. గంటలు గంటలు మాటలు. దేవకి టీ పట్టుకుని వెళ్తే చాలు, గది గప్‌చుప్. ఒకడు కాగితాన్ని పుస్తకం కింద దాచడం ఆమె కళ్లారా చూసింది. ఇక నిద్ర పడితే ఒట్టు. చదువు వీసా మీద వచ్చినవాళ్లు రాజకీయాలు చేస్తే పోలీసులొస్తారని, ఇంటివాళ్లనీ లాక్కెళ్తారని ఎదురు కాఫీకొట్టు కోగిలవాణి అప్పటికే చెవిలో వేసి ఉంది.

"ఏటో జరుగుతాంది. నాను సూసినాను" అంది దేవకి మొగుడితో.

"ఊరుకో లా! పెళ్లాం బిడ్డ వొస్తారని గోడలకి రంగేసుకున్నోడు బాంబులు సేస్తాడేటే? అనుమానముంటే ఆణ్ణే అడుగు" అన్నాడు దొరసామి.

"అడిగితే సెప్తాడేటి, దొంగ?"

జనవరిలో ఓ మంగళవారం పొద్దున లిబాన్ తెల్లచొక్కా జేబులో నాలుగు మడతల కాగితం చేతికి తగిలింది. ముప్పై ఏళ్లలో లేనిది, దేవకి దాన్ని విప్పింది. అక్షరాలు ఇంగ్లీషువే, భాష మాత్రం తెలియదు. కింద తొమ్మిది సంతకాలు. మొట్టమొదటిది లిబాన్‌ది. రెండు పేర్లు కొట్టేసి ఉన్నాయి. మధ్యలో ఇజ్రాయెల్‌లాంటి మాట మూడుచోట్ల కనిపించింది. ఓరి దేవుడా, ఇజ్రాయెల్‌ను దేశంగానే ఒప్పుకోని మలేషియాలో కూర్చుని ఆ పేరుతో కాగితాలా! వీడు వాళ్లవైపా, కాదా? తన ఇల్లు ఏమైపోతుంది?

ఇస్త్రీ బల్ల మీద పరిచి ఫొటో తీసింది.

సాయంత్రం యూనిఫాం చొక్కాలు తీసుకుపోవడానికి ఫార్హాన్ వచ్చాడు. పోర్ట్ క్లాంగ్‌లో సరుకులు ఎక్కించే ఏజెంటు. నెమ్మదస్తుడు, పదేళ్ల ఖాతాదారు, పైగా సోమాలీ. ఇంకేం కావాలి? "ఇదేటో సదివి సెప్పు బాబూ" అని ఫోను చేతిలో పెట్టింది. ఫార్హాన్ మొదటి వరుస చదివి ఆగిపోయాడు. సంతకాలు ఒక్కొక్కటే చూశాడు. ముఖం బిగుసుకుపోయింది.

"ఏం లేదు ఆంటీ, చదువుకునేవాళ్ల సంఘం కాగితం. నాకు పంపండి, నిదానంగా చూస్తాను."

పంపింది. హమ్మయ్య అనుకుని కాగితాన్ని మడతలు తప్పకుండా మడిచి డబ్బాలో వేసింది. మర్నాడు లిబాన్ అడిగితే తీసిచ్చింది. అతను నవ్వి, "మీ డబ్బా ఉండగా నాకేం భయం ఆంటీ" అన్నాడు. ఆమె ప్రాణం చివుక్కుమంది. అయినా ఫొటో సంగతి చెప్పలేదు.

ఐదోరోజు మధ్యాహ్నం లిబాన్ కిందికి వచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. ఏమీ అనకుండా ఫోను ముందు పెట్టాడు. అదే కాగితం ఫొటో. దాని కింద నీలం గళ్ల గుడ్డ, మూలన ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ, పక్కన రేకుడబ్బా అంచు. దేవకి ఇస్త్రీ బల్లే అది.

"మావాళ్లందరి ఫోన్లలో తిరుగుతోంది. హోదన్ వాళ్ల నాన్న దగ్గరికీ చేరింది. ఎనభై ఎనిమిదిలో మా సోమాలియా ప్రభుత్వమే మా హర్గీసా మీద బాంబులు వేసింది ఆంటీ. ఆయన తమ్ముళ్లిద్దరూ పోయారు. ఆయనకు సోమాలీల్యాండ్ అంటే ఆ తమ్ముళ్లే. దాన్ని దేశంగా గుర్తించొద్దని సంతకం పెట్టినవాడి దగ్గరికి కూతుర్ని పంపనన్నాడు. టికెట్లు రద్దు చేయించాడు."

"నీదీ ఆ ఊరే గదా నాయనా! మరెందుకు పెట్టినావు?"

"మా మేనమామా ఆ బాంబుల్లోనే పోయాడు. అయినా నా మనసుకు ఇదే సరైనదనిపించింది. అన్నదమ్ములు విడిపోవాలంటే ఎదురెదురుగా కూర్చుని విడిపోవాలి. ఎక్కడివాడో వచ్చి 'ఈ వాటా నీదే, నేను సాక్షి' అంటే నాకు అనుమానం. వాడి చూపు మా మీదుందా, మా రేవు మీదుందా? ఇదే మామగారికి ఎదురుగా కూర్చుని చెబుదామనుకున్నాను. కాస్త టైం కావాలి, ముందు పిల్ల ఇక్కడికి రావాలి అనుకున్నాను. అందుకే ఆ గుట్టు."

"ఆ ఫార్హానుగాడు..."

"అతన్నేం అనకండి. అతనిదీ హర్గీసాయే. బాంబుల్లో వాళ్లక్క పోయింది. ముప్పై నాలుగేళ్లకు తన దేశానికి పేరొచ్చిందని ఆ రోజు ఏడ్చాడట." లిబాన్ తలెత్తి ఆమెకేసి చూశాడు. "మీరు అడిగుంటే నేనే చదివి వినిపించేవాణ్ణి ఆంటీ."

దేవకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అతనూ సోమాలీయే గదా, మీరంతా ఒకటే అనుకున్నాను లా" అంది. అన్నాక ఆ మాట తనకే వినబడి సిగ్గుతో చచ్చిపోయింది.

లిబాన్ నవ్వాడు. ఆ నవ్వులో తడి లేదు. "ఆ కాగితంలో ఉన్నదీ అదే. మేమంతా ఒకటేనని. నమ్మింది మీరొక్కరే."

"నాను మాటాడతాను మీ మాంగారితోటి. తప్పు నాది అని సెప్తాను."

"ఏం చెప్తారు? సంతకం నాది కాదంటారా? అది నాదే."

పైనుంచి దొరసామి కేకేశాడు, "ఏటే, ఈ ఉయ్యాల గుడ్డ ఉతకాలా?" అని. లిబాన్ ఫోను తీసుకుని లేచాడు.

లిబాన్ గది ఖాళీ చేయలేదు. రోజూ హర్గీసాకు ఫోన్ చేస్తాడు. మామగారు తియ్యడు. స్ప్రింగు దూలానికి అలాగే వేలాడుతోంది. విప్పమని అతను అనలేదు, ఆమె అడగలేదు.

మొన్న శనివారం అతను బట్టలు తెచ్చాడు. ఎప్పటిలాగే "ఆంటీ" అన్నాడు, ఎప్పటిలాగే సంచి బల్ల మీద పెట్టి వెళ్లాడు. దేవకి అలవాటు కొద్దీ తెల్లచొక్కా జేబులో చెయ్యి పెట్టబోయింది. జేబు తిరగేసి ఉంది. ఇంకో చొక్కా తీసింది, అదీ అంతే. ప్యాంట్లూ అంతే. జేబులన్నీ అతనే తిరగేసుకుని తెచ్చాడు.