తాత కాలికి కళాయి లేదు

నిన్న పొద్దున చిన్నాన్న ఫోన్ చేసి "తాత పోయినాడు" అంటే, "ఏ తాత?" అని అడిగాను.

మొన్న సాయంత్రమే వీడియో కాల్‌లో నన్ను తిట్టిన మనిషి. ఎలా నమ్మాలి?

మా శీనప్ప తాత. చింతామణిలో ఇత్తడి సామాన్ల అంగడి. కుడి తొడలో ఉక్కు ప్లేటు.

ఆ ప్లేటు కథ 1940ల నాటిది. తాతకు అప్పుడప్పుడే మీసం వస్తోంది. మురుగమల్ల దర్గా ఉరుసుకు బిందెలు తీసుకెళ్తుంటే బండి బోల్తా పడింది. తొడ ఎముక విరిగింది.

"బిందెలకు సొట్టలు పడినాయా?" అన్నది ఆయన మొదటి మాట.

బెంగళూరు ఆసుపత్రిలో డాక్టర్ ప్లేటు చూపించి, దీన్ని లోపల పెట్టి స్క్రూలు బిగిస్తామన్నాడు. ముత్తాత దాన్ని గోటితో మీటి, తిప్పి చూసి అడిగాడట:

"కళాయి యాడ?"

ఇత్తడి గిన్నెకు లోపల కళాయి, అంటే తగరం పూత, పూయకపోతే పులుసు చిలుమెక్కి విషమవుతుంది. మా ఇంట్లో అందరికీ అదే మొదటి పాఠం.

"ఇది గిన్నె కాదప్పా, కాలు. ఈ ఉక్కు తుప్పు పట్టదు, ఒంటికి సరిపడుతుంది."

"మా అంగడికి సరుకు తెచ్చేవాళ్ళంతా ఇదే చెప్తాండారు సామీ."

ఆపరేషన్ అయింది. కళాయి మాత్రం కాలేదు. దాంతో ముత్తాత తీర్పు చెప్పాడు: వీడికి జన్మలో పులుపు పెట్టకూడదు, లోపల చిలుము పడితే కాలు తీసేస్తారు.

తాత నిజంగానే భయపడ్డాడు. చలికి కాలు లాగినా "మొదలైంది" అనేవాడు.

పైగా పెళ్ళాడింది మా అవ్వను. ఆమె వంకాయ పులుసు పుట్టినూరు గుడిబండెలో ఫేమస్. అది కాగే రోజు తాత కుర్చీ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చేసేది.

"వాసనకు చిలుము పట్టదులే."

పోయినేడాది చిక్కబళ్ళాపురంలో ఎక్స్‌రే తీసి, ప్లేటు సూపర్‌గా ఉందని డాక్టరమ్మ చెప్పింది.

"నలుపూ తెలుపూ ఫొటోలో పచ్చ చిలుము ఎట్లా కనపడుతుందమ్మా?" అన్నాడు తాత.



ఈ రోజు పొద్దున అస్థులు ఏరుతుంటే బూడిదలో ప్లేటు దొరికింది. ఇంటికి తెస్తే అవ్వ ఎవరికీ ఇవ్వలేదు. తానే కూర్చుని చింతపండుతో తోమింది. వేలితో తడిమి తడిమి చూసింది.

"చిలుము తిన్న గుంట ఒక్కటి కూడా లేదు. ఇన్నేండ్లూ ఆ మనిషికి ఉత్త వాసనే పెట్టినా కదమ్మా" అని ఏడ్చింది.

నవ్వాలో ఏడవాలో తెలియక మేము రెండూ చేశాం.

తాతా, పెద్దకర్మ రోజు నీ ఆకులో ముందు వడ్డించేది వంకాయ పులుసే.

భయం లేకుండా తిను. హాయిగా ఉండు.