గొట్టం మీద చెయ్యి

ఏసీ కంప్రెసరు పోయిందని పెద్ద గ్యారేజీ ఇంజనీరు తేల్చేసిన కారది. నమ్మకం కుదరక యజమాని దాన్ని మేస్త్రి షెడ్డుకు తెచ్చాడు. వెనకాలే ఇంజనీరూ దిగాడు. మేస్త్రికి అన్నం క్యారేజీ తెచ్చిన అతని అక్క గుమ్మంలోనే నిలబడిపోయింది. ఊరికే దొరికే తగువును వదులుకునే మనిషి కాదామె.

“ఎన్ని చెప్పినా కంప్రెసరు మార్చాల్సిందే,” అన్నాడు ఇంజనీరు.

“దాన్నెందుకు సార్ ఆడిపోసుకుంటారు?” అన్నాడు మేస్త్రి. ఇంజను తిరుగుతుండగానే రెండు వేళ్లు గొట్టాల వెంట నడిపించాడు. “ఇది గ్యాసును పిండుతోంది. పిండితే సలసలా కాగుతుంది. ముందున్న కండెన్సరులో గాలి తగిలి చల్లారి, ద్రవమవుతుంది. ఈ డ్రయ్యరు సీసా అందులో తేమ తాగేస్తుంది. ఆపైన సన్నటి వాల్వులోంచి బయటపడి, డ్యాష్‌బోర్డు వెనక కాయిల్లో ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. ఇప్పుడు సీసాకు ఇవతల వెచ్చగా ఉంది, అవతల మంచులా ఉంది. అంటే మూసుకుపోయింది సీసా. మీరూ చెయ్యి పెట్టండి, మీ సర్టిఫికెట్టేం కాలిపోదు!”

ఇంజనీరు చెయ్యి పెట్టాడు. తేలు కుట్టిన దొంగలా అక్కణ్నుంచి జారుకున్నాడు. సీసా మార్చగానే కారులో చల్లగాలి కొట్టింది. ఆ వారమంతా అక్క ఎదురుపడ్డవాళ్లందరికీ, అడిగినా అడక్కపోయినా, ఆ కథే చెప్పింది.

షెడ్డు మొత్తం ఆ రెండు వేళ్ల మీదే నిలబడి ఉంది. గ్యాసు ఒత్తిడి చూసే మీటరు లేక కాదు. అది గోడకు దుమ్ము పట్టి వేలాడుతూ ఉండేది. చేతులకు తొడుగులేసుకోమని అక్క పోరితే, “తొడుక్కుంటే గొట్టం చెప్పేది ఎలా తెలుస్తుందే?” అనేవాడు. పైపు విప్పినప్పుడల్లా మంచుకన్నా చల్లటి ద్రవం వేళ్ల మీద చిమ్మేది. చర్మం తెల్లగా బిగుసుకుపోయేది. ప్యాంటుకు రుద్దుకుని నవ్వేసేవాడు. అలా పాతికేళ్లు.

తరవాత చిన్న చిన్నవి మొదలయ్యాయి. చొక్కా బొత్తాం పెట్టుకోవడానికి తడుముకునేవాడు. చేతిలో ఉన్న నట్టు జారిపోయినా ఇంకా పట్టుకునే ఉన్నాననుకుని తిప్పబోయేవాడు. పొగలు కక్కే టీ గ్లాసును అంచున కాకుండా నడుం పట్టుకుని తాగేవాడు. “నీ చెయ్యి చెయ్యా, పట్టకారా?” అని అక్క ఎగతాళి చేసింది. అతను నవ్వలేదు.

మొన్న మధ్యాహ్నం ఒక టీచరమ్మ కారు తెచ్చింది. మేస్త్రి ఇంజను నడిపించి, కంప్రెసరు నుంచి వెలుపలికొచ్చే గొట్టాన్ని పిడికిట పట్టుకున్నాడు. వదల్లేదు. చాలాసేపు అలాగే, పసిపిల్ల నాడి చూస్తున్నట్టు, తల వంచుకుని నిలబడ్డాడు.

“వేడే ఎక్కట్లేదమ్మా. పిండటం మానేసింది. కంప్రెసరు మార్చాలి,” అన్నాడు.

క్యారేజీ కింద పెట్టి అక్క దగ్గరికొచ్చింది. ఏమీ తెలియనట్టు అదే గొట్టాన్ని వేలికొసతో ముట్టుకుంది. చురుక్కుమని కాలింది. వేలు చప్పున నోట్లో పెట్టుకుంది. తమ్ముడి పిడికిలి ఇంకా దాని మీదే ఉంది. చర్మం కమిలిన వాసన అప్పుడు తగిలిందామెకు.

“అమ్మా, వాడికి పొద్దుట్నుంచీ జ్వరం. రేపు రండి, సరిగ్గా చూసి చెప్తాడు,” అంది అక్క. పరాయి మనిషి ముందు తమ్ముడి పరువు పోనిచ్చే రకం కాదు.

కారు వెళ్లాక అతని అరచెయ్యి తిప్పి చూసింది. అడ్డంగా ఎర్రటి చార, దాని మీద పొక్కులు లేస్తున్నాయి.

“ఎన్నాళ్లయింది రా?”

“వానల ముందు నుంచి.”

“రెండో చెయ్యి?”

అతను దాన్ని జేబులోంచి తియ్యలేదు.

“డాక్టరు దగ్గరికి పద. ఇప్పుడే.”

“వెళ్లొచ్చానక్కా. ఉన్నది కాపాడుకో, పోయింది రాదన్నాడు.” గొంతు తగ్గించాడు. “మంచి కంప్రెసరును చచ్చిందన్నాను కదూ? ఆ ఇంజనీరులాగే.”

అక్క చెంబుతో నీళ్లు తెచ్చి ఆ అరచేతి మీద పోసింది.

“రేపట్నుంచి అన్నం తెచ్చే వంకతో పెందలాడే రా. మీటరు తీస్తే నా పని అయిపోయిందని అందరికీ తెలిసిపోతుంది. నేను గొట్టం మీద చెయ్యేస్తాను. నా తరవాత నువ్వూ ఊరికే ముట్టుకో. వేడైతే ఒకసారి దగ్గు. చల్లగా ఉంటే ఊరుకో. ఎవరికీ చెప్పకే, అక్కా.”