జగ్గమ్మ ఫోటో తెరుసుకోలేదు

మా ఈశ్వరి పెళ్ళికెల్తే ముందు పెళ్ళికూతురికి ఫోటో తియ్యదు. ముందు ముసలోళ్ళకి తీస్తాది. గుమ్మంలో అడుగెట్టగానే కళ్ళు తిప్పుతాది. ఏ తాత ఏ మూల కుర్సీలో కునుకుతున్నాడు, ఏ మామ్మ గోడకి జారబడి కూకున్నాది, అదే ఆవిడికి కావాల. ఒక్కొక్కరికి ఒక్కో ఫోటో, ముకం నిండా. తీసినట్టు ఆళ్ళకి తెలీదు, పెళ్ళోళ్ళకీ తెలీదు. కోటబొమ్మాళి తిరిగొచ్చినాక కంప్యూటర్‌లో ‘పెద్దోళ్ళు’ అని ఓ ఫోల్డర్ ఉంటాది, అందులో ఊరి పేరెట్టి దాసీస్తాది.

ఎందుకంటారేటి? ఊళ్ళో ఎవులైనా పోతే, మూడోనాడు ఆ ఇంటోళ్ళు మా స్టూడియోకి వస్తారు. ఫ్రేము కట్టాలంటారు. సేతిలో ఆధార్ కార్డు ఉంటాది. ఆధార్‌లో మన ముకాలు ఎలగుంటాయో నాను సెప్పక్కర్లేదు, బతికున్నోళ్ళమే గుర్తుపట్టలేం. ఈశ్వరి ఆ కార్డు అందుకోదు. ఫోల్డర్ తెరిచి, మానిటర్ ఆళ్ళకేసి తిప్పుతాది. సూసి ఏడుస్తారు. ‘ఎప్పుడు తీసినావమ్మా’ అంటే ‘పెళ్ళిలో’ అంటాది, అంతే. పదకొండేళ్ళుగా ఈ పని సేస్తన్నాది, ఒక్కరికీ సెప్పుకోలేదు. సెప్తే ఇంకేటైనా ఉన్నాదా? ఆవిడ కెమెరా ఎత్తగానే ముసలోళ్ళంతా ‘ఓలమ్మ, నా సావుకి తీస్తన్నాది’ అని లేసి ఎల్లిపోరూ.

నాను త్రినాథ్‌ని. ఈశ్వరి నాకు మేనమావ కూతురు. స్టేషన్ రోడ్డులో ఆవిడ స్టూడియోలో ఆల్బమ్‌లు డిజైన్ సేసేది నాను. కోపం డిపార్ట్‌మెంట్ కూడా నాదే. ఈశ్వరి ఫోటో తీస్తాది, త్రినాథ్ తిట్టి ఇస్తాడు అని ఊళ్ళో అనుకుంటారు. అనుకోనీండి.

ఈశ్వరి నాన్నకి రెండెకరాల వరి. డిగ్రీ మధ్యలో ఆగిపోయి, పాస్‌పోర్ట్ ఫోటోలు కత్తిరించడానికి ఈ స్టూడియోలోనే పనికి సేరినాది. అప్పటికి ఓనరు వేరే ఆయన. ఓసారి ఓ పిల్ల పెద్దమనిషైన ఫంక్షన్‌కి పిలుపొచ్చినాది. గదిలోకి మగోళ్ళు రాకూడదన్నారు. ఓనరుకి ఏటి సెయ్యాలో తోచక, కెమెరా తెచ్చి ఈ పిల్ల సేతిలో ఎట్టినాడు. ఆ రోజు ఫోటోల్లో ఆడోళ్ళు నవ్వుతున్నారండి. అప్పటిదాకా మా ఏరియాలో ఫంక్షన్ ఫోటోల్లో ఆడోళ్ళు నవ్వగా నాను సూళ్ళేదు. అందరూ పరీచ్చ రాస్తన్నట్టు నిలబడేవోళ్ళు. అక్కణ్ణించి ‘ఆ పిల్లనే పంపండి’ అని అడగడం మొదలెట్టినారు. ఓనరు పెద్దాయనైపోయి మానేసినాక స్టూడియో ఈవిడ నడుపుతున్నాది.

ఇక ఆ కొత్త కెమెరా సంగతి. పాత కెమెరా కొట్టీ కొట్టీ అరిగిపోనాది. కొత్త మోడల్ వచ్చిందని తెలిసిన వారానికే తెచ్చుకున్నాం. ఆ తొందర ఈశ్వరిది కాదు, నాదే. నానే బేగి తెద్దాం, బేగి తెద్దాం అని ఎగిరినాను.

మీకు రా ఫైల్ అంటే తెలీకపోతే సెప్తాను. కెమెరా ఫోటోని రెండు రకాలుగా ఇస్తాది. ఒకటి వండిన అన్నం, తిన్నగా సూసీసుకోవచ్చు. రెండోది బియ్యం, అదే రా. దాన్ని కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ ఎట్టి మనం వండుకోవాల. వండుకుంటే సీకట్లో ఉన్న మనిషిని కూడా ఎలుగులోకి తేవచ్చు. కొత్త కెమెరా ఫైళ్ళు మరీ పెద్దవి, మెమరీ కార్డు నిండిపోతాదని నానే ఆ అన్నం రకాన్ని ఆపీసినాను. ఒట్టి బియ్యమే మిగిలినాది. ఆ తప్పు నాది. ఒప్పీసుకుంటన్నాను, మళ్ళీ అడక్కండి.

ఆ కెమెరాతో తీసిన మొదటి పెళ్ళి మా పక్కూరి గణపతిరావు కూతురు కుమారిది. పెళ్ళికొడుకుది నెల్లిమర్ల, జూట్ మిల్లులో పని. కుమారి తల్లి పురిట్లోనే పోనాది. పిల్లని నాయనమ్మ జగ్గమ్మే పెంచినాది. ఈ జగ్గమ్మకి కెమెరా అంటే పడదు. కెమెరా కనబడితే కొంగు ముకానికి అడ్డం ఎట్టీసుకుంటాది. ఆధార్ తీయించడానికే ఆవిడ్ని మండలాఫీసుకి మూడుసార్లు తీసుకెల్లాల్సొచ్చిందంట.

మంగళస్నానం వాకిట్లో, మంచి ఎండలో. జగ్గమ్మ లోపల సూరు కింద సీకట్లో, సుట్ట నిప్పున్న వైపు నోట్లో ఎట్టుకొని అడ్డపొగ పీలుస్తా కూకున్నాది. దగ్గరికెల్తే కొంగు అడ్డం పడతాదని ఈశ్వరికి తెలుసు. అందుకని ఉన్న చోటునించే, నడిమిన పెళ్ళికూతురు, ఆ మూల జగ్గమ్మ వచ్చేటట్టు ఒక్కసారి నొక్కినాది. స్కూటీ మీద తిరిగొస్తన్నప్పుడు ‘దొంగతనంగా తీసినాను బావా, ఆవిడ వొద్దన్నా తీసినాను’ అన్నాది. నలుగురికి తీసినట్టే తీసినావు, దానికి బాధేటి అన్నాను.

మర్నాడు కార్డు ఎట్టి సూస్తే ఒక్క ఫోటో తెరుసుకోలేదు. ఈ కెమెరా ఫైళ్ళు నాకు తెలీవు అంటన్నాది సాఫ్ట్‌వేర్. కెమెరా కంపెనీవోడి సొంత సాఫ్ట్‌వేర్ కూడా ఇంకా సిద్ధం కాలేదంట. కెమెరా అమ్మీసినారు, దాన్ని సదివేది రాలేదు. నాను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. రా ఫైల్ లోపల సిన్న బొమ్మ ఒకటి దాగుంటాది, అది మాత్రం బయటికి తియ్యగలిగినాం. పెళ్ళికూతురు ఎండలో ఉన్నాది కాబట్టి వాట్సాప్‌లో పంపడానికి ఆ బొమ్మలు సరిపోనాయి. పెళ్ళోళ్ళు సంతోషించినారు. జగ్గమ్మ ఉన్న మూల మాత్రం నల్లటి మచ్చ.

పెళ్ళైన తొమ్మిదోనాడు గణపతిరావు స్టూడియోకి వచ్చినాడు. సేతిలో ఆధార్ కార్డు. జగ్గమ్మ నిద్దర్లోనే పోయిందంట.

ఆయన ఎల్లినాక కుమారి ఫోన్ సేసినాది. కొత్త పెళ్ళికూతురు శవాన్ని సూడకూడదు, మైల ఇంట్లో అడుగెట్టకూడదు అని అత్తింటోళ్ళు రానివ్వలేదంట. ‘అక్కా, నాకు ఆకరి సూపు కూడా దక్కలేదు. మా మామ్మకి నువ్వేటైనా ఫోటో తీసినావా?’ అన్నాది. ఎవులైనా అయితే ఏటంటారు? సూస్తానమ్మా అంటారు. మా ఈశ్వరి ‘తీసినాను, ఉన్నాది, నీకిస్తాను’ అనీసినాది. నాను నెత్తి కొట్టుకున్నాను. తెరుసుకోని దానికి మాటెందుకిచ్చినావు అని అరిసినాను. ‘తీసినానా లేదా అని అడిగినాది బావా. తీసినాను కదా’ అన్నాది.

ఇక సూడండి ఆ పది రోజులు. యూట్యూబ్‌లో ఒకడు సెప్పినాడని, ఫైల్ లోపల కెమెరా పేరు మార్చి పాత మోడల్ పేరెట్టి సాఫ్ట్‌వేర్‌ని మోసం సేసినాం. తెరుసుకున్నాది, కానీ పసుపు రాసిన పెళ్ళికూతురు గులాబీ రంగులోకి పోనాది, జగ్గమ్మ మూల అంతా ఆకుపచ్చ గీతలు. ఇదే ఇచ్చీద్దాం అన్నాను. ఈశ్వరి నాకేసి ఒక్క సూపు సూసి, ఆ కాపీ తీసి పారేసినాది.

పెద్దకర్మకి ముందు రోజు నాను ఓ పని సేసినాను. ఈశ్వరికి సెప్పకుండా ఆధార్ ఫోటో పెద్దది సేసి, ముడతలు తీసేసి, రంగు తెల్లగా కొట్టి, ఇంటర్నెట్‌లో దొరికిన పట్టుసీర ఒంటికి తలకాయ అంటించి, ఎనకాల నీలం రంగు ఏసి ఫ్రేము కట్టించినాను. మా జిల్లాలో పోయినోళ్ళందరికీ ఇదే మర్యాద, నానేటి కొత్తగా సేసినాది కాదు. గణపతిరావు తీసుకెల్లి దండేసినాడు. కుమారికి వీడియో కాల్‌లో సూపించినారు. ‘ఇదెవులు?’ అని అడిగి ఫోన్ పెట్టీసిందంట.

ఈశ్వరికి తెలిసినాది. నాలాగ అరిసే మనిషైతే నాకు సుకం, రెండరుపుల్తో అయిపోతాది. ‘ఆ ఒళ్ళు ఎవులిది బావా?’ అని అడిగినాది. తెలీదన్నాను. నాకు సిగ్గేసినాది. ఇంతకు ముందు, ఈశ్వరి ఫోల్డర్‌లో లేనోళ్ళకి అలగ నూరు ఫ్రేములు కట్టినాను, ఒక్కదానికీ సిగ్గెయ్యలేదు.

తర్వాత ఎదురుసూపు. రోజూ పొద్దున్న ఈశ్వరి స్టూడియో తాళం తీసి, దేవుడికి దీపం కంటే ముందు కంప్యూటర్ ఆన్ సేసి, ఈ ఫైళ్ళు సదివే అప్‌డేట్ వచ్చినాదేమో సూసేది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి తెలుగులో రాసుకొని, ఫోన్‌లో ఇంగ్లీషు సేసుకొని ఉత్తరం పంపినాది. ‘తర్వాతి విడుదలలో’ అని జవాబొచ్చినాది, తేదీ లేదు. మళ్ళీ రాసినాది. ఈసారి జగ్గమ్మ గురించి రాసినాది, ఆవిడ ఎవులు, కుమారి ఎవులు, సూరు కింద ఎలగ కూకున్నాదో అంతా. ఆళ్ళకెందుకే ఈ గోల, జగ్గమ్మ ఎవులో ఆళ్ళకేటి తెలుసు అన్నాను. ‘తెలీదు కాబట్టే కదా బావా రాస్తన్నాను’ అన్నాది.

పెళ్ళిళ్ళ సీజను నడిసిపోతన్నాది. కొత్తదాని మీద నమ్మకం పోయి, పాత కెమెరాకే రిపేరు సేయించి దాంతోనే తిరిగినాది. జగ్గమ్మ ఉన్న కార్డు మాత్రం ముట్టనివ్వలేదు. మూడు చోట్ల కాపీలున్నాయి కదే, కార్డు వాడుకుందాం అంటే ఇనలేదు.

కుమారి ప్రతి ఆదివారం ఫోన్ సేసేది. ‘వచ్చినాదా అక్కా?’ ‘రాలేదమ్మా.’ అంతే మాట. నానైతే రెండో ఆదివారానికే ఫోన్ ఎత్తడం మానీసేవోణ్ణి. ముకం సెల్లక ఎవులైనా అదే సేస్తారు. ఈశ్వరి ఏ పెళ్ళి పందిట్లో ఉన్నా, కెమెరా మెడకి తగిలించుకొని పక్కకొచ్చి ఎత్తేది. రాలేదని సెప్పడానికి ఎత్తడం దేనికే అన్నాను ఓసారి. ‘ఎత్తకపోతే నాను మర్చిపోయాననుకుంటాది. ఆ పిల్లకి అది ఇంకో సావు’ అన్నాది. గణపతిరావే వచ్చి ‘వొదిలీ అమ్మా, పోయింది పోనాది’ అన్నాడు. అయినా వొదల్లేదు. మనిషి అంటే ఇలగుండాల అని నాకు అప్పుడనిపించినాది. ఆవిడ ఎదురుగా అన్లేదు, నెత్తికెక్కుతాదని.

పెళ్ళైన యాబై మూడో రోజు అప్‌డేట్ వచ్చినాది. ఈశ్వరి కుర్సీలోంచి లేసి, మళ్ళీ కూకొని, కుమారికి ఫోన్ సేసినాది. ‘వచ్చినాది. నువ్వు రా, నువ్వొచ్చినాకే తెరుస్తాను.’ నాకు బీపీ పెరిగిపోనాది. ముందు మనం సూద్దాం, ఏటీ కనబడకపోతే ఆ పిల్లని నెల్లిమర్ల నించి రప్పించి ఏటి సూపిస్తావే అన్నాను. ‘ఉన్నా, లేకపోయినా, ఆ పిల్లే ముందు సూడాల’ అన్నాది.

మర్నాడు పాసింజర్‌లో వచ్చినాది కుమారి. స్టేషన్ నించి నడిసొచ్చినాది, ఒంటిగంట ఎండ. మంచినీళ్ళు ఇస్తే గ్లాసు పట్టుకొని తాగడం మర్చిపోయి కూకున్నాది. ఈశ్వరి ఫైల్ నొక్కినాది. పెళ్ళికూతురు వచ్చినాది, పసుపు పసుపులాగే ఉన్నాది. మూల మాత్రం నలుపే. ఈశ్వరి ఆ మూలని పెద్దది సేసి, సీకటిని కొద్ది కొద్దిగా ఎత్తడం మొదలెట్టినాది. ముందు సూరు వాసం కనబడినాది. తర్వాత తెల్ల జుత్తు. తర్వాత ముకం. ఈశ్వరి సెయ్యి మౌస్ మీద ఆగిపోనాది.

జగ్గమ్మ కొంగు ముకానికి అడ్డం లేదు. భుజం మీద సక్కగా సర్దుకున్నాది. సుట్ట నోట్లోంచి తీసీసి సేతిలో పట్టుకున్నాది. గెడ్డం కాసింత పైకెత్తి, అంత దూరం నించి తిన్నగా కెమెరాలోకి సూస్తన్నాది.

‘నాను దొంగతనంగా తీసినాననుకున్నాను బావా. తీయించుకున్నాది’ అన్నాది ఈశ్వరి. యాబై రోజుల్లో ఆవిడ కళ్ళల్లో నీళ్ళు నాను సూసినాది అప్పుడే.

నా పాడు అలవాటు కదా, ముకం కాసింత తెల్లగా సేద్దామా అన్నాను. ఇద్దరూ నాకేసి తిరగలేదు. కుమారి గ్లాసు కింద ఎట్టి, కుర్సీ మానిటర్ దగ్గరికి జరుపుకున్నాది. ఆ పిల్ల ఏడుస్తాదని నానూ ఈశ్వరీ సూస్తన్నాం. ఏడవలేదు. పెళ్ళికి ముందు రోజూ ఇంటికొచ్చి అడిగినట్టే అడిగినాది.

‘మామ్మా, తిన్నావేటి?’

మేమిద్దరం బయటికొచ్చీసి తలుపు దగ్గరగా ఏసినాం.